లూజ్ టీనా, టీ బ్యాగా? మూడొందల ఏళ్ళ అనుమానం

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళలో చాలామంది "ఆ సంవత్సరాలూ పేర్లూ ఒకచోట రాసి పెట్టండి" అని అడిగారు. అందుకని మాట్లాడినదాన్ని కాస్త వరసలో పెట్టి, సమయం చాలక వదిలేసినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. వినని వాళ్ళు నేరుగా ఇదే చదువుకోవచ్చు.

కథ మొదలైంది బర్మింగ్‌హామ్ నుంచి ఒక చెల్లెలు పంపిన వాయిస్ నోట్‌తో. "అన్నా, మా అమ్మ నల్గొండ నుంచి వచ్చింది, ఆర్నెల్లు మా దగ్గరనే ఉంటది. టీ బ్యాగుల ప్లాస్టిక్ ఉంటదంట, ఇక్కడోళ్ళు లూజ్ టీనే మంచిది అంటున్నరంట అని ఫోన్‌ల చూసి భయపడుతున్నది. మా ఊర్ల లూజ్ టీ అంటే కల్తీది అని కొనేటోళ్ళం కాదు గదా! ఇక్కడ ఉల్టా చెప్తున్నరేంది? అసలు ఏది మంచిది?"

ఆ "ఉల్టా" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆవిడ అడిగింది ఆరోగ్యం గురించే అయినా, జవాబు సగం చరిత్రలో ఉంది.

ఒకే మాట, రెండు అర్థాలు

మన ఊళ్ళలో "లూజ్" అంటే ప్యాకెట్ లేనిది. కిరాణా కొట్టులో లూజ్ నూనె, లూజ్ కారం, లూజ్ టీ పొడి. ధర తక్కువ, ఎవరు చేశారో తెలీదు. వాడేసిన టీ పొడిని ఎండబెట్టి రంగు కలిపి మళ్ళీ అమ్మేస్తారన్న భయం మనకి కొత్త కాదు. అందుకే కాస్త డబ్బు రాగానే మనవాళ్ళు కంపెనీ ప్యాకెట్‌కి మారిపోయారు.

ఇంగ్లండ్‌లో "లూజ్ లీఫ్" అంటే ఖరీదైన డబ్బాలో వచ్చే, ఆకు ఆకుగా కనిపించే టీ. సంచిలో కట్టని టీ అని దాని అర్థం. అది తాగేవాళ్ళు ఆరోగ్యం మీద, రుచి మీద శ్రద్ధ ఉన్నవాళ్ళని లెక్క. బ్యాగు టీ అందరిదీ, లూజ్ టీ కొందరిదీ.

అయితే ఇదే ఇంగ్లండ్‌లో రెండు వందల ఏళ్ళ కిందట "లూజ్ టీ" అంటే జనానికి ఉన్న భయం అచ్చంగా మన నల్గొండ అమ్మ భయమే. అక్కడి నుంచి మొదలుపెడదాం.

అన్నభేది, గొర్రె పెంటికలు

పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటన్‌కి వచ్చే టీ అంతా చైనాదే. దాని మీద పన్ను విపరీతం. పన్ను ఎక్కువైన చోట దొంగ సరుకు, కల్తీ సరుకు రెండూ వస్తాయి. టీ కల్తీని నిషేధిస్తూ 1725లోనే పార్లమెంటు చట్టం చేసింది. 1777లో ఇంకో చట్టం చేస్తూ, యాష్, ఎల్డర్, స్లో లాంటి ఇక్కడి చెట్ల ఆకులతో టీని పోలిన సరుకు తయారుచేయడాన్ని పేరు పెట్టి మరీ నిషేధించింది. పేరు పెట్టి నిషేధించారంటే ఎంత జోరుగా జరిగేదో ఊహించుకోవచ్చు.

1785లో రిచర్డ్ ట్వైనింగ్ అనే టీ వ్యాపారి (అవును, ఇప్పటికీ సూపర్ మార్కెట్‌లో కనిపించే ట్వైనింగ్స్ కుటుంబమే) ఒక చిన్న పుస్తకంలో ఈ దొంగ టీ తయారీ రాశాడు. దానికి "స్మౌచ్" అని పేరు. యాష్ చెట్టు ఆకులు ఏరి, ఎండబెట్టి, వేయించి, కాళ్ళతో తొక్కి, జల్లెడ పట్టి, అన్నభేది, గొర్రె పెంటికలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ ఆరబెట్టేవాళ్ళట. దాన్ని అసలు టీలో కలిపి అమ్మడమే.

దానికి ఏడాది ముందే, 1784లో, ప్రభుత్వం పన్నుని 119 శాతం నుంచి ఒక్కసారిగా 12.5 శాతానికి తగ్గించింది. స్మగ్లింగు పడిపోయింది. కల్తీ మాత్రం పూర్తిగా పోలేదు. 1820లో లండన్‌లో ఉండే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ ఆకమ్ ఆహార కల్తీల మీద పుస్తకం వేశాడు. రొట్టె, బీరు, మిరియాలతో పాటు టీ కూడా అందులో ఉంది. 1840ల్లో లండన్ హోటళ్ళ నుంచి, కాఫీ దుకాణాల నుంచి వాడేసిన టీ ఆకు కొనుక్కొచ్చి, జిగురు పట్టించి, రంగు వేసి, కొత్త టీగా అమ్మే చిన్న చిన్న కార్ఖానాలు బయటపడ్డాయి. మన పేపర్లలో అప్పుడప్పుడు వచ్చే "నకిలీ టీ పొడి తయారీ ముఠా" వార్తకి, దీనికీ తేడా ఏమీ లేదు.

ఇక గ్రీన్ టీ సంగతి. ఇప్పుడు ఆరోగ్యం అనగానే గ్రీన్ టీ అంటాం కదా. 1840ల్లో చైనా తోటల్లో తిరిగిన రాబర్ట్ ఫార్చ్యూన్, ఎగుమతి కోసం చేసే గ్రీన్ టీకి ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు, జిప్సం పొడి పట్టించడం కళ్ళారా చూశాడు. ఆయన లెక్క ప్రకారం, 100 పౌన్ల టీ తాగే ఇంగ్లీషువాళ్ళు అర పౌను పైన రంగు కూడా తాగుతున్నారు. ఆ రంగుల నమూనాలు 1851లో లండన్ మహా ప్రదర్శనకి కూడా వచ్చాయి. అదే ఏడాది నుంచి డాక్టర్ ఆర్థర్ హిల్ హసాల్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన ఆహార నమూనాల ఫలితాలు, అమ్మిన కొట్ల పేర్లతో సహా, లాన్సెట్ పత్రికలో రావడం మొదలైంది. బ్రిటన్ గ్రీన్ టీ నుంచి బ్లాక్ టీకి, తర్వాత చైనా టీ నుంచి భారత్, సిలోన్ టీకి మళ్ళడానికి ఉన్న కారణాల్లో ఈ భయం ఒకటి. "మాది యంత్రాల మీద చేసిన శుభ్రమైన టీ, వాళ్ళది చేతులతో చేసిన మురికి టీ" అని తోటల యజమానులు ప్రచారం చేసుకున్నారు. అందులో నిజం కొంత, సామ్రాజ్యం వ్యాపారం చాలా. 1888 నాటికి బ్రిటన్‌కి వచ్చే టీలో భారత్ చైనాని దాటేసింది.

పొట్లం కట్టిన హార్నిమన్

ఈ భయాన్ని అందరికంటే ముందు సొమ్ము చేసుకున్న మనిషి జాన్ హార్నిమన్. 1826లో ఐల్ ఆఫ్ వైట్‌లో వ్యాపారం మొదలుపెట్టి, టీని ముందే తూచి, సీలు వేసిన పొట్లాల్లో అమ్మాడు. అప్పటిదాకా టీ అంటే కొట్టువాడు పెట్టెలోంచి తీసి తూచి ఇచ్చేదే. కొట్టువాడు మధ్యలో ఏమి కలిపినా అడిగేవాడు లేడు. హార్నిమన్ పొట్లం చెప్పింది ఒకటే: "నేను కట్టాను, మధ్యలో ఎవరూ విప్పలేదు." కొట్లవాళ్ళకి ఇది నచ్చలేదు, మందుల షాపుల్లోనూ మిఠాయి కొట్లలోనూ ఎక్కువగా అమ్ముకోవాల్సి వచ్చింది. కల్తీ వార్తలు పెరిగేకొద్దీ ఆయన వ్యాపారమూ పెరిగింది. లండన్‌లో ఉండేవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళే ఫారెస్ట్ హిల్‌లోని హార్నిమన్ మ్యూజియం ఆయన కొడుకు ఫ్రెడరిక్ ఈ టీ డబ్బుతో కట్టించిందే.

1875లో వచ్చిన ఆహార, ఔషధ విక్రయ చట్టంతో రేవులోనే టీని పరీక్షించడం మొదలైంది. అక్కడి నుంచి కల్తీ తగ్గుముఖం పట్టింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించండి. ప్యాకెట్ పుట్టింది ఆరోగ్యం కోసం. లూజ్ టీ ప్రమాదం, కట్టిన టీ క్షేమం. 1826లో ఇంగ్లండ్ నేర్చుకున్న పాఠం అది. మన ఊళ్ళలో మనం నేర్చుకున్నదీ అదే పాఠం, మన వంతు వచ్చినప్పుడు.

పొడి టీయే మందు అన్న రోజులు

బ్యాగుల గురించి ఇప్పుడు వినపడే ఇంకో ఆరోపణ: "అందులో ఉండేది ఆకు కాదు, డస్ట్. ఫ్యాక్టరీ నేల ఊడ్చినది." ఈ మాట తెలుగు వీడియోల్లో కూడా చాలా చోట్ల విన్నాను.

డస్ట్ అంటే ఊడ్చిన దుమ్ము కాదు. ఆరబెట్టిన టీని ఫ్యాక్టరీలో వరస జల్లెళ్ళ మీద పోస్తారు. పెద్ద ఆకు పైన మిగులుతుంది, విరిగిన ఆకు కింద, ఇంకా చిన్నది ఫ్యానింగ్స్, అన్నిటికంటే సన్నది డస్ట్. అది సైజు పేరు. మంచి తోట డస్ట్ ఉంటుంది, నాసి తోట పెద్ద ఆకూ ఉంటుంది. అసలు మన ఇళ్ళలో ఎవరూ "టీ ఆకు" అనరు, పుస్తకాల్లో "తేయాకు" తప్ప. వంటింట్లో అది "టీ పొడి". దక్షిణాదిన డస్ట్ టీకే గిరాకీ ఎక్కువ, పాలల్లో మరిగిస్తే రంగూ చిక్కదనమూ దిగేది దాంతోనే. మన ఇరానీ చాయ్ కూడా పొడి టీయే.

వినోదం ఏమిటంటే, ఒకప్పుడు ఈ సన్న టీనే ఆరోగ్యం పేరుతో అమ్మారు. 1903లో బర్మింగ్‌హామ్‌లో జాన్ సమ్నర్ అనే వ్యాపారి చెల్లెలికి ఒక సన్నరకం టీ తాగితే అజీర్తి తగ్గిందట. దాంతో ఆయన దాన్నే ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెట్టి, చైనా భాషలో వైద్యుడు అన్న మాటని బట్టి "టైఫూ" అని పేరు పెట్టాడు. ఆకు అంచుల నుంచి వచ్చిన ముక్కల్లో కడుపుకి పడని టానిన్ ఉండదని ప్రచారం. 1930లో బ్రూక్ బాండ్ కంపెనీ (మనకి రెడ్ లేబుల్, త్రీ రోజెస్ ఇచ్చిన బ్రూక్ బాండే) "డైజెస్టివ్ టీ" అని ఒకటి తెచ్చింది. భోజనానికి ముందు తాగితే అరుగుదలకి మంచిదన్న అర్థంలో "ప్రీ-జెస్టీ" అనేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, రుజువు లేకుండా అలాంటి మాట లేబుల్ మీద వేయకూడదన్నారు. మిగిలింది రెండు అక్షరాలు: పీజీ. అదే పీజీ టిప్స్.

అంటే ఒకే సన్న పొడి 1903లో మందు, ఇప్పుడు చెత్త. రెండు మాటలకీ రుజువు లేదు.

గుడ్డ సంచి నుంచి ప్లాస్టిక్ వల దాకా

టీ బ్యాగు న్యూయార్క్ వ్యాపారి థామస్ సల్లివాన్ 1908లో పొరపాటున కనిపెట్టాడని కథ. పట్టు సంచుల్లో నమూనాలు పంపితే, కొన్నవాళ్ళు సంచితో సహా వేడినీళ్ళలో ముంచేశారట. కథ బాగుంది. కానీ అంతకుముందే, 1901లో, అమెరికాలోని మిల్వాకీకి చెందిన రాబర్టా లాసన్, మేరీ మొలారెన్ అనే ఇద్దరు మహిళలు నూలు వలతో కుట్టిన "టీ లీఫ్ హోల్డర్"కి పేటెంట్ దరఖాస్తు పెట్టారు, 1903లో మంజూరైంది. ఒక కుండెడు టీ ఒకేసారి కాచిపెడితే పాతబడిపోతుంది, ఒక కప్పుకి సరిపడా ఆకు విడిగా ఉంటే ఎప్పటికప్పుడు తాజాగా తాగొచ్చు అన్నది వాళ్ళ వాదన. పేర్లు మాత్రం మగాయనవే మిగిలాయి.

బ్రిటన్ దీన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. యుద్ధకాలంలో 1940 జులై నుంచి మనిషికి వారానికి 2 ఔన్సుల టీ రేషన్, అంటే 57 గ్రాములు. అది ఎత్తేసింది 1952 అక్టోబరులో. మరుసటి ఏడాది, 1953లో, టెట్లీ కంపెనీ బ్యాగుల్ని మార్కెట్‌లోకి తెచ్చింది. 1960ల మొదట్లో కూడా బ్యాగుల వాటా 3 శాతం లోపే. 2007కి 96 శాతం. ఆరోగ్యం గురించి ఎవరూ అడగలేదు, కుండ కడిగే పని తప్పుతుంది, అంతే. ఆ టెట్లీని 2000లో మన టాటా టీ కొనేసింది.

ఈ మార్పుకి లోపల సరుకు కూడా సహకరించింది. 1930 ప్రాంతంలో అస్సాంలోని అమ్‌గూరి తోటలో విలియం మెక్‌కెర్చర్ సీటీసీ యంత్రం తయారుచేశాడు. వేర్వేరు వేగాలతో తిరిగే పళ్ళ రోలర్ల మధ్య ఆకుని నలిపి, చీల్చి, చుట్టి చిన్న గింజల్లా చేస్తుంది. నిమిషంలో రంగు దిగుతుంది. బ్యాగుకి అదే కావాలి, మన పాల టీకీ అదే కావాలి. అంటే చెల్లెలి ఇంట్లో డబ్బాలో ఉన్న టీ పొడీ, పక్కింటి ఇంగ్లీషావిడ బ్యాగులో ఉన్నదీ చాలావరకు ఒకే జాతి సరుకు. (అస్సాం తోటలకి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తీసుకెళ్ళిన తెలుగు కూలీల కథ వేరే ఎపిసోడ్ అడుగుతుంది, అది ఇక్కడ ఒక్క వాక్యంలో తేల్చేది కాదు.)

ఇక సంచి. మొదట నూలు గుడ్డ, తర్వాత అబాకా అనే అరటి జాతి మొక్క నారతో చేసిన కాగితం. అంచులు వేడితో అతకాలంటే కాగితంలో పాలిప్రొపిలీన్ కొంచెం కలపాలి. అక్కడ ప్లాస్టిక్ చేరింది. తర్వాత "ఆకు విప్పుకోవడానికి చోటు" అంటూ మెరిసే పిరమిడ్ వలలు వచ్చాయి. వాటిలో కొన్ని నైలాన్, కొన్ని పెట్. చిత్రం చూడండి: లోపల పెద్ద ఆకు, మంచి టీ అని చూపించడం కోసం పెట్టిన బ్యాగే మొత్తం ప్లాస్టిక్.

2019లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు అలాంటి ప్లాస్టిక్ బ్యాగుల్ని ఖాళీ చేసి 95 డిగ్రీల నీళ్ళలో నానబెట్టారు. ఒక్కో బ్యాగు నుంచి 1,160 కోట్ల మైక్రోప్లాస్టిక్ కణాలు, 310 కోట్ల నానో కణాలు అని లెక్క తేల్చారు. ఫోన్లలో తిరిగే వీడియోలన్నిటికీ మూలం ఇదే. ఆ లెక్క మీద జర్మన్ శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు: అందులో చాలా భాగం ప్లాస్టిక్ కణాలు కావు, నీళ్ళలో కరిగి, ఆరాక మళ్ళీ గడ్డకట్టిన పదార్థం అని. మనిషికి ఎంత హాని అన్నది శాస్త్రం ఇంకా తేల్చలేదు. గుర్తుంచుకోవాల్సింది, ఆ పరిశోధన చూసింది పూర్తి ప్లాస్టిక్ సంచుల్ని, మామూలు కాగితం బ్యాగుల్ని కాదు. 2018 నుంచి ఇక్కడి పెద్ద కంపెనీలు పాలిప్రొపిలీన్ మానేసి మొక్కజొన్న లాంటి వాటి నుంచి చేసే పీఎల్ఏకి మారుతున్నాయి. అదీ ప్లాస్టిక్ జాతే, మొక్క నుంచి వచ్చిందంతే.

వాళ్ళు నానబెడతారు, మనం మరిగిస్తాం

లూజా బ్యాగా అన్న ఇంగ్లీషు చర్చంతా మూడు నిమిషాలు వేడినీళ్ళలో నానబెట్టే టీ గురించి. పెద్ద ఆకు నిదానంగా దిగుతుంది, సన్నది గబగబా దిగుతుంది. మనం పాలల్లో, నీళ్ళలో పొంగు వచ్చేదాకా మరిగిస్తాం. అలా మరిగించాక ఏ సైజు ఆకైనా ఉన్నదంతా ఇచ్చేస్తుంది. మరిగించడం మీద అసహనం గాంధీగారికి కూడా ఉండేది. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో, మరిగిస్తే టానిన్ దిగుతుంది, తాగాల్సే వస్తే జల్లెడలో ఆకు వేసి పైనుంచి వేడినీళ్ళు పోసి, గడ్డి రంగులో దిగింది తాగమన్నారు. మన హోటళ్ళ వాళ్ళెవరూ ఆ మాట పట్టించుకోలేదనుకోండి.

అసలు మన ఇళ్ళలో నేను చూసే ప్రమాదం వేరు. టీ పొడి అయిపోయినప్పుడు రెండు బ్యాగులు అలాగే గిన్నెలో పడేసి పదినిమిషాలు మరిగించడం. కప్పులో ముంచడానికి చేసిన సంచిని పాలల్లో ఉడికించడం దేనికి? చింపి పొడి మాత్రం వేసుకోండి, ఉన్న వడగట్టు ఉండనే ఉంది.

నల్గొండ అమ్మకి

చెల్లెలి అమ్మగారి ఊరు నల్గొండ అన్న మాట నాకు మనసులో ఉండిపోయింది. మన దేశంలో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల ఎముకలు, పళ్ళు పాడవుతున్నాయని 1937లో వైద్య పత్రికకి ఎక్కింది మన తెలుగు పల్లెల నుంచే, అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి వైపు నుంచి. తర్వాత నల్గొండ పేరు ఆ జబ్బుకి మారుపేరైంది. టీ మొక్క నేలలోంచి ఫ్లోరైడ్ పీల్చి ఆకులో దాచుకుంటుంది. లేత ఆకులో తక్కువ, ముదురాకులో ఎక్కువ. 2013లో డెర్బీ యూనివర్సిటీ వాళ్ళు సూపర్ మార్కెట్ టీలు పరీక్షిస్తే, అన్నిటికంటే చవక రకాల్లోనే ఫ్లోరైడ్ ఎక్కువ కనిపించింది. ముప్ఫై నలభై ఏళ్ళు ఆ నీళ్ళు తాగొచ్చిన ఒంటికి ఇది పట్టించుకోవాల్సిన విషయం. ఇక్కడ తేడా లూజా బ్యాగా కాదు, లేతదా ముదురుదా.

రెండోది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువ. మన రెండు రాష్ట్రాల్లోనూ సగం దాటింది. టీలోని పదార్థాలు ఆకుకూర, పప్పుల్లోని ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. అన్నం తినగానే టీ తాగే అలవాటు ఉంటే, ఎంత ఖరీదైన ఆకైనా అదే పని చేస్తుంది. గంట ఎడం చాలు.

మూడోది చక్కెర. కప్పుకి రెండు చెంచాలు, రోజుకి నాలుగు కప్పులంటే 32 గ్రాములు. ఇక్కడి ఎన్‌హెచ్ఎస్ పెద్దవాళ్ళకి రోజు మొత్తానికీ పెట్టిన హద్దు 30.

కాబట్టి చెల్లీ, నా జవాబు ఇది. మెరిసే వల బ్యాగులు మానేయండి, వాటివల్ల ఒరిగేది ఏమీ లేదు. కాగితం బ్యాగు కప్పులో ముంచుకుంటే అమ్మని భయపెట్టక్కర్లేదు. అమ్మ మరిగించుకుంటానంటే ఈస్ట్ హామ్‌లోనో మీ బర్మింగ్‌హామ్‌లోనో మన కొట్లో దొరికే ప్యాకెట్ టీ పొడి, మరీ అట్టడుగు ధరది కాకుండా, తెచ్చిపెట్టండి. రోజుకి రెండు మూడు కప్పులు, అన్నానికి గంట ఎడంగా, చక్కెర సగం. మోకాళ్ళు, నడుం పట్టేస్తున్నాయని అంటే మాత్రం అది టీతో తేలేది కాదు, ఊరి నీళ్ళ సంగతి చెప్పి డాక్టరుకి చూపించండి. ఇక్కడి డాక్టరు ఆ ప్రశ్న తనంతట తాను అడగడు.

అమ్మ అనుమానం మాత్రం తప్పు కాదని ఆవిడకి చెప్పండి. ఐల్ ఆఫ్ వైట్‌లో 1826లో పొట్లం కొన్నవాళ్ళు అడిగిందీ, నల్గొండలో ప్యాకెట్ కొన్న ఆవిడ అడిగిందీ ఒకటే: "ఇందులో ఏముంది, కట్టింది ఎవరు?" మనం బ్యాగు గురించి అడగాల్సిందీ అదే.